తాకకూడని మంద

1

చలిబిందెలో కర్ర ముంచి, తీసి, గాలిలో ఊపాను. కర్రకు తెల్లటి మంచు జానెడు ఎత్తున కట్టింది. లోపల చలినీళ్ళు ఎంత లోతో మంచు అంత ఎత్తు. నిన్న ఇంకో రెండు వేళ్ళు ఎక్కువే ఉంది. మా కంటే బిందె తొందర పడుతోంది.

ఇది రోజూ రాయాలట. బిందె మోసేవాడు తన చేత్తోనే రాయాలని నిధి వాళ్ళ నియమం. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. వచ్చినంత రాస్తాను. నచ్చకపోతే చదవొద్దు.

పేరు కడారి కొమురెల్లి. గొర్రెల కాపరిని. పద్దెనిమిది గొర్రెలు, మూడు గాడిదలు, ఒక భార్య. భార్య పేరు బాలవ్వ. ఆమెను గాడిదల తర్వాత రాశానని తెలిస్తే ఊరుకోదు. తెలిసే దారి లేదు, ఆమెకు చదువు రాదు.

పట్నం పక్కన జాతీయ సూక్ష్మజీవుల నిధి అని ఒక పెద్ద బంగళా ఉంది. దేశంలోని కంటికి కనపడని జీవాలన్నిటినీ వంశాల వారీగా అక్కడ దాచారు. పాలను పెరుగు చేసేవి, మట్టిని మట్టిగా ఉంచేవి, పశువుల పొట్టలో గడ్డిని అరిగించేవి. ఈ ఏడు అక్కడి చలి మిషన్లు ఆగిపోయాయి. నల్లమల మీద జలపాతం నీటితో తిరిగే చలి మిషను ఒకటి ఇంకా నడుస్తోందట. అక్కడికి చేర్చాలి. లారీలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి నడిచే పోవాలి. ఎండాకాలంలో నీళ్ళు ఏ మడుగులో ఉంటాయో తెలిసినవాడు కావాలని వెతుక్కుంటూ మా గుడిసెకు వచ్చారు. వెతకాల్సిన పని లేదు. ఈ తట్టున అట్లాంటివాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

రెండు గాడిదల మీద గాజు గొట్టాల పెట్టెలు. అవి ఎండబెట్టిన జీవాలు, వాటికి చలి అక్కర్లేదు. మూడో గాడిద మీద చలిబిందె. అందులో పశువుల పొట్ట జీవాలు. వాటిని ఎండబెడితే చస్తాయి, గాలి తగిలినా చస్తాయి. చలినీళ్ళలో నిద్రపోతేనే బతుకుతాయి.

బిందె వెంట డాక్టరమ్మ ఉంది. పేరు ఫర్హానా. నిధిలో పనిచేసినవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయినా ఈమె పోలేదు. మెడలో తాళంచెవులు వేసుకుని తిరుగుతుంది. ఆ తాళాలకు ఇప్పుడు తలుపులు లేవు.

2

దారి పక్కన పోయినేడు మా మంద వేసిన పెంటికలు అట్లాగే ఉన్నాయి. నిన్న వేసినట్టు నల్లగా మెరుస్తున్నాయి. శుద్ధి మంచు కురిసిన నేల మీద ఏదీ కుళ్ళదు. నా చిన్నప్పుడు ఏదో మహమ్మారి వస్తే ఆకాశంలోంచి ఆ మంచు చల్లారు. రోగం పోయింది. దాంతోపాటు పెరుగూ పోయింది, ఎరువూ పోయింది. మంచు ఆగినా దుమ్ములో దాని మందు ఇంకా ఉంది. కొండల మీద మాత్రం చల్లలేదు.

ఆ దుమ్ము పీల్చీ పీల్చీ గొర్రెల పొట్ట జీవాలు ఏడాదికి చచ్చిపోతాయి. అందుకే ఏటా ఎండలు ముదరకముందే నిధి వాళ్ళు సీసాలోని విత్తనాన్ని పెద్ద పాత్రలో పెంచి గొర్రెల నోట్లో పోసేవాళ్ళు. ఈ ఏడు పెంచే మిషనూ లేదు. నా గొర్రెలు పొద్దంతా మేస్తాయి. పొట్టలు డోలుల్లా ఉన్నాయి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కడుపులో గడ్డి గడ్డిగానే పడి ఉంటుంది. కొండ మీదికి చేరితే అక్కడ విత్తనం పెంచి మందుగా పోస్తానని డాక్టరమ్మ మాటిచ్చింది. నేను ఒప్పుకున్నది అందుకే. దేశం కోసం కాదు.

ఈ రోజు అడిగాను.

"బిడ్డా, ఒక్క సీసా ఇప్పి నా జీవాలకు పొయ్యరాదూ? కండ్ల ముంగట ఎండిపోతున్నయి."

"ఒక్కో వంశానికి ఒక్కటే సీసా మిగిలింది తాతా. విత్తనం వండుకుంటమా?"

"అన్నీ ఒక్క బిందెలనే ఎందుకు పెట్టిన్రు? గొర్లను ఒక్క దొడ్లనే పెట్టేటోడు కాపరే కాదు. సగం బావమరిది మందల ఉండాలె."

నేను గెలిచాననుకున్నాను. ఆమె తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"మాకు ఎరికే. మూడు చోట్ల పెట్టినం. పడమటి నిధి వరదల పోయింది. ఉత్తరం నిధికెళ్ళి రెండేండ్లుగ రేడియో పలుకుతలేదు. మిగిలిన బావమరిది ఇల్లు ఇదొక్కటే అనుకో."

బాలవ్వ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. నేను ముందుకు నడిచాను.

3

ఎండ మండిపోతోంది. కర్ర మీద మంచు బెత్తెడే కట్టింది. నిలబడితే కాళ్ళు ఊరుకోవడం లేదు. కూర్చుంటే బిందె బుసబుసమంటూ ఆవిరి వదలడం వినపడుతోంది. లోపల ఉన్నదంతా ఆ బిరడా సందులోంచి కారిపోతున్నట్టే ఉంది.

కూలిపోయిన పెద్ద వంతెన నీడలో మధ్యాహ్నం ఆగాం. డాక్టరమ్మ కునుకు తీసింది. నేను నా గొంగడి తీసి బిందె చుట్టూ చుట్టాను. నల్ల ఉన్ని గొంగడి, మూడు తరాల నేత. చలిలో ఈనిన గొర్రెపిల్లను దీంట్లో చుడితే తెల్లారేసరికి లేచి గంతులు వేస్తుంది. ఎండ లోపలికి పోనివ్వదు, చలి బయటికి రానివ్వదు. మూతి దగ్గర గొంగడి కొసలన్నీ కూడదీసి, బిరడా మీదుగా ఉన్ని తాడుతో బిగించి నాలుగు ముళ్ళు వేశాను. బుస ఆగిపోయింది. నా మనసూ కుదుటపడింది.

కాసేపటికి తుపాకీ పేలినట్టు చప్పుడైంది.

బిరడా పైకెగిరి వంతెనకు తగిలింది. బిందె గాడిద మీంచి దొర్లి పడింది. తెల్లటి పొగ నేలంతా పాకింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి పరుగెత్తాయి. గాడిద తాడు తెంపుకుని పోయింది.

ఫర్హానా లేచి వచ్చి బిందెను నిలబెట్టింది. చెయ్యి కాలిందో కమిలిందో, ఒళ్ళో దాచుకుంది. గొంగడి ముక్కలు చూసింది. ముళ్ళు చూసింది.

"మూతి ఎవరు కట్టిన్రు?"

"నేనే. చలి పోవద్దని."

"అది ఊపిరి తీసుకోవాలె తాతా! ఊపిరి! మూతి కడితే పేలుతదని మొదటి రోజే చెప్పిన గద!"

"చెప్పినవ్. బిరడా బిగియకు అన్నవ్. గొంగడి కట్టకు అనలే."

"ఏమయ్యా," అంది బాలవ్వ, "పిల్లకు చలి పెడ్తదని ముక్కు నోరు కుట్టేసినట్టుంది నీ పని. ఇంక మాట్లాడకు. పోయి గాడిదిని ఎతుకు."

గాడిదను వెతకడానికి పోయాను. దొరికింది. తొందరగా తిరిగి రాలేదు.

4

సీసాలు పగల్లేదు. కానీ చలినీళ్ళు చాలావరకు నేలపాలయ్యాయి. కర్ర ముంచితే మంచు వేలెడు. కొండ ఇంకా చాలా దూరం.

"రేపు పొద్దు గూకేదాక ఆగుతయేమో," అంది ఫర్హానా. "కరిగినంక ఒక్క పూట. తర్వాత ఏమీ ఉండదు."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మెడలో తాళంచెవులు ఒక్కొక్కటే ముందుకూ వెనక్కూ జరుపుతోంది. ఆ చప్పుడు నేను భరించలేకపోయాను.

"ఎట్లా కరిగేదే గదా," అన్నాను. "అన్నీ ఒక గిన్నెల కలిపి నా గొర్లకు తలా ఇంత పొయ్యి. కొండ మీదికి పోయినంక మళ్ళ వాటి కడుపులకెళ్ళి తీసుకో. మా తాతలు చేసిన పనే. నెమరు ఆగిపోయిన గొర్రెకు, మంచిదాని నోట్లకెళ్ళి నెమరు ముద్ద తీసి పెట్టేటోళ్ళు."

తాళంచెవుల చప్పుడు ఆగింది.

"కడుపులు ఖాళీగ ఉన్నయి," అంది మెల్లగా. "ఈ ఏడు మందు పడలే. పాతయి చచ్చినయి. ఖాళీ ఇండ్లు." లేచి నిలబడింది. "సగం మంచి మాటన్నవ్ తాతా. కానీ కలుపుడు లేదు. కలిపితే బలమున్నది మిగిలినయన్నిటిని తొక్కేస్తది. కొండ ఎక్కేసరికి ఒక్కటో రెండో మిగుల్తయి. ఒక్క గొర్రెకు ఒక్క వంశం. అంతే."

"సరే. ఒక్కటే పొయ్యి."

"ఇనుడు కాలే. పోసినంక అవి ఒకదాన్నొకటి ముట్టుకోవద్దు. ఒక్క తొట్లె తాగొద్దు. ఒకటి కొరికిన గడ్డి ఇంకోటి కొరకొద్దు. మూతులు నాకొద్దు. పైకి పోయి నేను తీసుకునేదాక."

నేను ఆమె ముఖంలోకి చూశాను. హాస్యం కాదు.

"డాక్టరమ్మా, గొర్రె అంటే ఏమనుకుంటున్నవ్? ఒక్కదాన్ని పక్కకు తీస్తే మేత ముట్టదు. మంద కనపడకపోతే గుండె ఆగి చస్తది. యాభై ఏండ్లు నేను నేర్చిన ఇద్దె ఒక్కటే, వాటిని ఒక్క దగ్గర ఉంచుడు. ఇప్పుడు ఇడగొట్టుమంటవా?"

"అవును."

"నాతోని కాదు."

బాలవ్వ అప్పటిదాకా గొంగడి ముక్కలు ఏరుతోంది. అక్కడి నుంచే అంది: "బిందె మూతి కట్టేటప్పుడు అయితది, ఇది కాదా?"

గోనెసంచులు తెమ్మన్నాను.

5

వంశాలు ఇరవై రెండు. గొర్రెలు పద్దెనిమిది. నాలుగు పోవాలి.

ఫర్హానా సీసాల మీది పేర్లు ఒక్కొక్కటే చదివింది. ఏ గడ్డి మీద బతికిన ఏ పశువు పొట్టలోంచి తీశారో దాని పేరే వంశం పేరు. ఉప్పునేల గేదెలది. అడవి దుప్పిది. కొండ మేకలది. చదివిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేది. నాలుగు సీసాలు పక్కన పెట్టింది. ఏవి అని నేను అడగలేదు. వాటిని పారబోయలేదు. బిందెలోనే తిరిగి వదిలి, "చలి ఉన్నంతసేపు ఉండనియ్," అంది.

సీసాలను గోరువెచ్చని గడ్డి కషాయంలో కలిపి, వెదురు గొట్టంతో నేను పోశాను. ఆ పనిలో నాకు తిరుగు లేదు. ఒక్క చుక్క కూడా గడ్డం మీద పడలేదు. ప్రతి గొర్రెకు ముందు గొట్టం మార్చి, చేతులు సారాయితో కడుక్కున్నాం. సారాయి వృథా అవుతోందని నాకు బాధ, కానీ అనలేదు.

చివరి సీసాను ఆమె చాలాసేపు చేతిలో పట్టుకుంది.

"ఇది ఎండునేల గొర్రెది. జొన్న చొప్ప, ముళ్ళకంప, ఏదేస్తే అది అరిగిస్తది. మైదానంల ఇప్పుడు ఉన్నదే ఆ మేత. తాతా, నీ మంద మళ్ళ కిందికి దిగి బతకాలంటే ఇది ఒక్కటే దిక్కు. మిగిలినయన్నీ పచ్చగడ్డి వంశాలు. మంచి గొర్రెకు పొయ్యి."

ఒంటిచెవిదానికి పోశాను. కుక్క కరిచి ఒక చెవి పోయింది దానికి. మందలో అన్నిటికంటే గట్టిది, మొండిది.

తర్వాత గోనె ముక్కలతో చిక్కాలు కుట్టి మూతులకు కట్టాం. ఎద్దులు పైరు కొరక్కుండా కట్టేవాళ్ళే, అట్లాంటివి. పద్దెనిమిది గొర్రెలూ చిక్కాల్లోంచి నన్ను చూశాయి. ఏం తప్పు చేశామని అడిగినట్టుంది.

6

ఇది నడక కాదు, శిక్ష.

వెదురు గడలకు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి గొర్రెను కట్టాం. గడల మధ్య మనిషి పడుకునేంత ఎడం. నేను ముందు, బాలవ్వ మధ్యలో, డాక్టరమ్మ వెనక. ముందుది ఆగితే వెనకది దాని మీదికి ఉరుకుతుంది. అదిలిస్తే పక్కదాని మీదికి ఉరుకుతుంది. వాటికి తెలిసింది ఒక్కటే, భయమేస్తే పక్కదాన్ని ఆనుకోవాలి. మేమే భయపెడుతున్నాం, మేమే ఆనుకోనివ్వడం లేదు.

ఆగిన చోట ఒక్కోదానికి ఒక గూటం, ఒక మూకుడు నీళ్ళు, ఒక పిడికెడు గడ్డి. ఒకదాని చిక్కం విప్పి, తినిపించి, కట్టి, చేతులు కడుక్కుని ఇంకోదాని దగ్గరికి. చివరిదాని దగ్గరికి చేరేసరికి మొదటిది మళ్ళీ ఆకలని అరుస్తుంది. నేను ఒక్క చోట కూర్చుని ఎన్ని రోజులైందో.

ఇంకో సంగతి రాయాలి. ఇవాళ ఎనిమిది గొర్రెలు నెమరు వేశాయి. చిక్కాల కింద దవడలు పక్కకు తిరుగుతుంటే చూశాను. నెమరు వేసిన గొర్రెను చూసి ఎంత కాలమైందో. డాక్టరమ్మకు చెబితే పరుగెత్తుకొచ్చి, గొర్రె పొట్టకు చెవి ఆనించి, పడుకున్న పిల్లాడిని లేపకూడదన్నట్టు ఊపిరి బిగపట్టి విన్నది.

"ఉరుముతుంది!" అంది.

7

కృష్ణ ఇసుకలో దిగాం. నది లేదు, ఇసుకే. నడిమధ్యలో ఒక మడుగు ఉంది. గాలి మళ్ళి నీళ్ళ వాసన వచ్చింది.

తాళ్ళు తెగాయి. మూడు గొర్రెలు గడలు ఈడ్చుకుంటూ మడుగులో పడ్డాయి. చిక్కాలు తడిసి జారిపోయాయి. నేను చేరేసరికి మూడూ ఒకే చోట మూతులు పెట్టి తాగి, ఒకదాని మూతి ఒకటి నాకుతున్నాయి.

ఫర్హానా ఒడ్డునే నిలబడిపోయింది. "మూడు పోయినయి," అంది.

"పోలే. బతికే ఉన్నయి."

"గొర్లు బతికినయి తాతా. వంశాలు పోయినయి. ఇంక వాటికి పేరు లేదు."

ఇక ఆ మూడింటినీ కట్టాల్సిన పని లేదని విప్పేశాను. అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ, తోకలు ఆడిస్తూ ముందు నడిచాయి. మిగతా పదిహేనూ వాటిని చూసి అరవడం మొదలుపెట్టాయి. ఆ అరుపు ఇసుకంతా నిండిపోయింది. పొద్దంతా ఆగలేదు.

"ఇప్పేద్దామయ్యా," అంది బాలవ్వ. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "మందు పడ్డది, నెమరేస్తున్నయి. కలిస్తే కలవనియ్. మన గొర్లు మనకు బతుకుతయి. ఇదేం పాపం, జీవాలను ఇట్ల ఏడిపిచ్చుడు?"

ఫర్హానా విన్నది. నా వైపు చూడలేదు. నన్ను బతిమాలనూ లేదు. అదే నాకు కోపం తెప్పించింది. బతిమాలితే తిట్టి విప్పేసేవాణ్ణేమో.

"ఇప్పితే పచ్చగడ్డిదే గెలుస్తది," అన్నాను బాలవ్వతో. "కొండ మీద ఎన్నాళ్ళుంటం? కిందికి దిగితే ఏం మేస్తయి? నడువు."

8

ఎక్కడంలో ముసలి పొట్టేలు పడిపోయింది. లేవలేదు. కొండ మేకల వంశం దాంట్లో ఉంది. పద్నాలుగు మిగిలాయి.

జలపాతం చప్పుడు వినపడింది. అక్కడి చలి మిషను చూసుకునేది మండ్లి గురవయ్య అనే చెంచు మనిషి. నా వయసే. మిషను గది ముందు నిలబడి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"నిధి వస్తాందన్నారు. చలి సీసాలేడున్నాయి పెద్దాయనా?"

"నడిచి వస్తున్నయి," అన్నాను.

అతను చిక్కాలు కట్టిన గొర్రెలను చూశాడు, గడలను చూశాడు. పద్నాలుగు దొడ్లు కావాలంటే కొడవలి తీసుకుని వెదురు నరకడానికి పోయాడు. నాకు నచ్చాడు.

ఫర్హానా సన్నటి గొట్టం గొంతులోంచి పొట్టలోకి దించి ఒక్కోదాని నుంచి గిన్నెడు పసరు తీసింది. గాలి లేని పాత్రల్లో పోసి వెచ్చగా పెట్టింది. పాత్ర పొంగి బుడగలు వస్తే వంశం బతికినట్టు. అప్పుడు దాన్ని సీసాల్లోకి ఎత్తి చలిలో పెడుతుంది. అంతవరకు ఆ గొర్రె దొడ్డి దాటకూడదు. పాత్ర పొంగకపోతే మళ్ళీ తీయాలి కదా.

9

ఒక్కో పాత్రా పొంగుతోంది. పొంగినప్పుడల్లా డాక్టరమ్మ చెయ్యి ఎత్తి చూపిస్తుంది, నేను ఒక దొడ్డి తలుపు తీస్తాను. ఆ గొర్రె బాణంలా పోయి మందలో దూరుతుంది. మందలో చేరినదాని కళ్ళే వేరు. ఇప్పుడు బయట పదహారు ఉన్నాయి.

దొడ్డిలో మిగిలింది ఒంటిచెవిది ఒక్కటే.

దాని పాత్ర పొంగలేదు. మళ్ళీ తీశారు. పొంగలేదు. మూడోసారి పసరు తీసేటప్పుడు ఫర్హానా పెదవి కొరుక్కుంది.

"నెమరేస్తుందా?"

"నిన్నటిదాక ఏసింది. ఇయ్యాల లేదు. మేత ముడుతలేదు."

"తినకపోతే లోపలియి కూడా చస్తయి. నీళ్ళు మార్చి, చొప్ప రసం పోసి ఇంకొక్కసారి చూస్త. అదే ఆఖరు. రెండు మూడు దినాలు అది తినాలె తాతా. ఎట్లనన్న."

ఎట్లాగైనా అంటే ఎట్లా? కొండ గడ్డి పెట్టాను. చొప్ప పెట్టాను. ఉప్పు నాకించాను. తల తిప్పుకుంటుంది. కంచె సందులోంచి మందను చూస్తూ నిలబడుతుంది. అరవడం కూడా మానేసింది. అరవని గొర్రె ఎక్కువ కాలం ఉండదు.

నేను కంచె చుట్టూ తిరుగుతున్నాను. గురవయ్య ఒక గంపెడు పండ్లు తెచ్చి పెట్టి, నా తిరుగుడు చూసి, "నీకూ కంచె కట్టమంటావా?" అని వెళ్ళాడు.

10

దొడ్లోకి నేనే దూరాను.

మొదట చేతులు కడుక్కుని, బట్టలు ఉతుక్కుని, గురవయ్య ధోతి కట్టుకుని దూరాను. డాక్టరమ్మ అడిగితే, "మనిషి పొట్టల గడ్డి జీవాలు ఉండయి గదా?" అన్నాను. ఉండవంది. అయితే నేను తాకవచ్చు.

దాని పక్కన చొప్ప పరుచుకుని పడుకున్నాను. చాలాసేపు నన్ను పట్టించుకోలేదు. తర్వాత వచ్చి నా వీపుకు డొక్క ఆనించి కూలబడింది. ఎముకలు గుచ్చుకున్నాయి. నేను కదల్లేదు. యాభై ఏళ్ళలో మందను ఎప్పుడూ బయటి నుంచే చూశాను. కర్ర పట్టుకుని, ఒక అడుగు దూరంలో. లోపల ఇట్లా ఉంటుందని తెలియదు. వేడిగా, కంపుగా, ఊపిరాడనట్టు ఉంటుంది. కానీ వీపు వెనక ఏముందో చూసుకోనక్కర్లేదు.

కొంతసేపటికి నా తల కింద ఉన్న చొప్పను ఒక్కో పుల్లా లాగి తినడం మొదలుపెట్టింది.

బాలవ్వ కంచె బయట అంబలి గిన్నె పెట్టింది.

"గూటం పాతుదునా? నిన్నెక్కడ కట్టెయ్యాలె?"

"నవ్వకు. తింటుంది."

"నేను నవ్వుతలేను," అంది. నిజంగానే నవ్వడం లేదు. "నాలుగు పుల్లలు జరుపు, దానికి మెడ అందుతలేదు."

దవడ పక్కకు తిరిగింది. నెమరు. చెవి దాని పొట్టకు ఆనించాను. ఫర్హానా చెప్పిన ఉరుము విన్నాను.

11

పసరు తీసుకెళ్ళి రెండు రోజులైంది. నేను దొడ్డి వదల్లేదు. ఒళ్ళంతా దద్దుర్లు. ఫర్హానా గది ముందు అటూ ఇటూ తిరగడం కనపడుతోంది. ఆమె తిరిగితే నాకు పడుకోబుద్ధి కాదు, నేను లేస్తే గొర్రె తినడం ఆపుతుంది. తిరగొద్దని అరిచాను. కూర్చుంది. మళ్ళీ లేచింది.

పొద్దు నడినెత్తికి వచ్చాక ఆమె చేతిలో పాత్ర పట్టుకుని మెట్ల మీదికి వచ్చింది. చెయ్యి ఎత్తలేదు. పాత్రను రెండు చేతులతో పట్టుకుంది కాబట్టి ఎత్తలేకపోయింది. దగ్గరికి వచ్చి నా ముఖం ముందు పెట్టింది. పచ్చటి నురగ. అడుగు నుంచి బుడగ తర్వాత బుడగ.

"తాతా," అని, "యా అల్లా," అని, మెట్ల మీద కూలబడి అప్పుడు ఏడ్చింది.

"ముందు చలిల పెట్టు," అన్నాను. "తర్వాత ఏడువు."

లోపలికి పరుగెత్తింది. సీసాలు నింపి చలిలో దించి వచ్చేదాకా ఆగాం. పది సీసాలు చేసిందట. ఇంకో సంగతి కూడా చెప్పింది. రేపటి నుంచి ఆ పాత్రలోంచే మందకంతటికీ మందు పోస్తుందట, తడవకు కాస్త, దినాల తరబడి. అప్పుడు చొప్ప తినే జీవాలే గెలుస్తాయట. వానలు పడగానే కిందికి దిగవచ్చు.

"ఇప్పుడు తియ్యొచ్చునా?"

"తియ్యి తాతా."

దొడ్డి తలుపు ఊడబెరికి పక్కన పారేశాను. అక్కడికి పది బారల దూరంలో మంద మేస్తోంది. ఒంటిచెవిది తలుపు వైపు చూసింది. మందను చూసింది. వచ్చి నా మోకాలికి డొక్క ఆనించి నిలబడింది.

"పో," అన్నాను. నెట్టాను. పోలేదు. కర్ర ఎత్తాను. కర్రను వాసన చూసింది.

బాలవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "అదెందుకు పోతది? నువ్వే దాని మందవైనవ్. ఈ వయసుల నీకు ఇంకొక సంసారం."

"మందల కలవనిది గొర్రె కాదు," అన్నాను.

కర్ర బాలవ్వ చేతికిచ్చి, నేనే నడిచాను. గొర్రె నా వెనకే వచ్చింది. మంద తల ఎత్తింది. నేను ఆగకుండా వాటి మధ్యలోకి పోయి కూర్చున్నాను. ముందు మూతులు నా చొక్కా వాసన చూశాయి. తర్వాత దాని చెవి లేని వైపు నాకడం మొదలుపెట్టాయి. అన్నీ ఒక్కసారిగా దగ్గరికి ఒత్తుకున్నాయి. నాకు ఆకాశం కనపడలేదు. కాలు తొక్కాయి, చెయ్యి తొక్కాయి, ఎవరిదో కొమ్ము దవడకు తగిలింది. తిట్టుకుంటూ మోకాళ్ళ మీద పాకి బయటపడ్డాను.

లేచి వెనక్కి చూశాను. ఒక్క వీపుకూ ఇంకో వీపుకూ మధ్య వేలు దూరే సందు లేదు. ఒంటిచెవిది ఎక్కడుందో కనుక్కోలేకపోయాను.

బాలవ్వ చేతిలోంచి కర్ర తీసుకుని, ఎప్పుడూ నిలబడే దూరంలో నిలబడ్డాను.